డోలి పక్కన గిటారు
(మన సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు "మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. సంస్కృతి గురించి చెప్పడానికి నాకంటే తెలిసిన పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను వాయించేవాణ్ణి, అంతే. పగలు ఉద్యోగం చేసుకుంటూ పదిహేడేళ్లుగా ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తున్నాను. పెళ్లిళ్లు, జాతరలు, కాలేజీ వార్షికోత్సవాలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లాను. అందుకని నాకు తెలిసిన విషయమే మాట్లాడతాను. ఎలక్ట్రిక్ గిటారు, బేస్, ఆంప్లిఫయర్ తక్కువ డబ్బుతో ఎలా ఎంచుకోవాలి, కొన్నాక మన డోలి పక్కన, మన రేలా పాట పక్కన వాటిని ఎలా నిలబెట్టాలి అన్నదే ఈ రోజు నా మాట.

ఈ విషయమే ఎందుకంటే, పోయిన వేసవిలో ఒక తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో పన్నెండు వేల రూపాయలున్నాయి. అది తునికాకు డబ్బు. ఆ డబ్బు ఎలా వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నడి వేసవిలో తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు తెంపి, ఇంటికి తెచ్చి యాభై ఆకులకో కట్ట కడితే వచ్చిన డబ్బు. వాళ్లమ్మ, తను, చెల్లెలు ముగ్గురూ కట్టిన కట్టలు. "అన్నా, ఇంకో పదిహేను వేలు అప్పు తీసుకుంటాను, మంచి బ్రాండు గిటారు కొనిపించు" అన్నాడు. ఆ పూట నేను వాడికి ఏం చెప్పానో అదే ఈ రోజు మీ అందరికీ చెబుతున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఇంటర్మీడియట్ అయిపోయాక నేనూ ఒక గిటారు కొన్నాను. పట్నంలో ఒక దుకాణంలో గిటారు, టిఫిన్ డబ్బా అంత ఆంప్, కేబుల్, సంచీ అన్నీ కలిపి ఒకే పెట్టెలో ఇచ్చారు. చవకగా వచ్చిందని సంబరపడ్డాను. ఇంటికి తెచ్చి వాయిస్తే తీగలు ఫ్రెట్ల మీద చాలా ఎత్తుగా ఉన్నాయి. నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. శ్రుతి చేస్తే కింద సరిగా ఉన్న స్వరం పైకి పోయేసరికి తప్పేది. నెల తిరక్కుండానే "నాకు సంగీతం రాదు, నా వేళ్లు దీనికి పనికిరావు" అని నిర్ణయించుకుని మంచం కింద తోసేశాను. ఏడాది అక్కడే పడుంది.

తర్వాత ఒక ఆర్కెస్ట్రాలో వాయించే పెద్దాయన మా ఊరు వచ్చినప్పుడు దాన్ని బయటికి తీశాడు. కన్ను దగ్గర పెట్టి మెడ చూశాడు. చిన్న ఎలెన్ కీతో మెడ లోపలి ఇనుప కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ని, కొంచెం తిప్పాడు. తీగలు ఆనే శాడిళ్లను దించాడు. పాత తీగలు పీకి కొత్తవి వేశాడు. గంట కూడా పట్టలేదు. అదే గిటారు నా చేతుల్లో వెన్నలా పలికింది. "గిటారు చెడ్డది కాదురా, దీన్ని ఎవరూ సవరించలేదు, అంతే" అన్నాడాయన. నా ఏడాది పోయింది. ఆ పెద్దాయన రాకపోతే మొత్తం పోయేది. మన ఊళ్లల్లో ఇలా మంచం కింద పడి ఉన్న గిటార్లు ఎన్ని ఉన్నాయో! "నాకు రాదు" అనుకుని వదిలేసిన పిల్లలు ఎంతమంది ఉన్నారో!

అందుకే మొదటి మాట: గిటారు ఎంతకు కొన్నా, సవరించడానికి వెయ్యో రెండు వేలో పక్కన పెట్టుకోండి. ఇరవై వేల గిటారు సవరించకుండా వాయించడం కంటే పది వేల గిటారు సవరించి వాయించడం మేలు. నాకు తెలిసిన వాయిద్యగాళ్లు పదిమందిని అడిగితే మిగతా అన్ని విషయాల్లో పది రకాలుగా చెబుతారు. ఈ ఒక్క దాంట్లో మాత్రం అందరిదీ ఒకే మాట.

చవక వాయిద్యం అంటే చిన్నచూపు అక్కర్లేదు. ఇంగ్లండులో బ్రయన్ మే అనే ఆయన ఉన్నాడు, క్వీన్ బృందం గిటారిస్టు. కుర్రవాడిగా ఉన్నప్పుడు పేరున్న గిటారు కొనే స్తోమత లేక, 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకోవడం మొదలుపెట్టాడు. పాత పొయ్యిగూటి చెక్క మెడ అయింది, పాత మోటారు సైకిలు ఇంజిను స్ప్రింగులు అందులో ఇమిడాయి. ప్రపంచం మొత్తం తిరిగినా ఆయన చేతిలో ఉన్నది ఆ గిటారే. అదే బృందంలో బేస్ వాయించిన జాన్ డీకన్, చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో చిన్న ఆంప్ చేశాడు. అది రికార్డింగుల్లో కూడా వాడారు. లెడ్ జెపెలిన్ బృందానికి చెందిన జిమ్మీ పేజ్ వేదిక మీద వాయించిన గిటార్లలో డాన్ఎలెక్ట్రో ఒకటి. అది అట్టలాంటి హార్డ్‌బోర్డుతో చేసిన చవక గిటారు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. సహారా ఎడారిలో తువారెగ్ అనే సంచార జాతి ఉంది. మనలాగే సొంత భాష, సొంత పాట, సొంత కష్టాలు ఉన్న జనం. వాళ్ల పిల్లవాడు ఇబ్రహీం అగ్ అల్హబీబ్ మొదటి గిటారును రేకు డబ్బా, కర్ర, సైకిలు బ్రేకు తీగతో చేసుకున్నాడు. పెద్దయ్యాక తోటివాళ్లతో కలిసి తినారివెన్ అనే బృందం పెట్టాడు. ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నారు, కానీ పాట వాళ్ల భాషలోనే, నడక వాళ్ల ఒంటె నడకే, వెనక చప్పట్లు వాళ్ల ఆడవాళ్లవే. 2012లో ఆ బృందానికి గ్రామీ పురస్కారం వచ్చింది. గిటారు వాళ్లను మార్చలేదు. వాళ్లే గిటారును తమ మాట వినేలా చేసుకున్నారు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక కొనే సంగతికి వద్దాం. ధరలు రోజూ మారుతుంటాయి కాబట్టి నేను చెప్పేవి ఉజ్జాయింపుగానే తీసుకోండి. కొత్త ఎలక్ట్రిక్ గిటారు, నమ్మకంగా నాలుగైదేళ్లు వాయించగలిగేది, పన్నెండు వేల నుంచి ఇరవై వేల మధ్య దొరుకుతుంది. ఈ ధరలో వాయిద్యగాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేర్లు యమహా పసిఫికా, స్క్వయర్, ఐబనేజ్ జియో, కోర్ట్, ఎపిఫోన్. ఇందులో స్క్వయర్ అనేది ఫెండర్ వాళ్లదే, ఎపిఫోన్ గిబ్సన్ వాళ్లదే. అంటే పెద్ద కంపెనీల నమూనాలనే తక్కువ ధరలో చేసి ఇస్తారు. కోర్ట్ కొరియా కంపెనీ, తన పేరుతోనే కాక వేరే బ్రాండ్లకు కూడా గిటార్లు చేసిచ్చిన అనుభవం ఉంది.

వీటిలో ఏది మంచిదని అడిగితే మా ఆర్కెస్ట్రాలోనే గొడవ. లీడ్ గిటారు వాయించే మా అన్న పసిఫికా అంటాడు. "మూడు పికప్పులు, అందులో వెనకది హంబకర్. సినిమా పాట, రేలా పాట, రాక్ పాట మూడూ ఒకే గిటారు మీద వాయించుకోవచ్చు" అంటాడు. రిథం వాయించే తమ్ముడు స్క్వయర్ తప్ప వేరేది ముట్టుకోడు. నా అభిప్రాయం అడిగితే, పేరు కంటే చేతిలో ఉన్న ఆ ఒక్క గిటారు ముఖ్యం. ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే రోజు కొన్న రెండు గిటార్లు కూడా ఒకలా ఉండవు. వీలైతే వెళ్లి వాయించి కొనండి.

పికప్పు గురించి ఒక్క మాట. సింగిల్ కాయిల్ పికప్పు గొంతు తేటగా, గలగలలాడుతూ ఉంటుంది, కానీ కరెంటు గుంయ్‌మనే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. హంబకర్‌లో రెండు తీగచుట్టలు ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేసేలా కలిపి ఆ గుంయ్ శబ్దాన్ని ఒకదానితో ఒకటి కొట్టేయిస్తారు. గొంతు కొంచెం లావుగా ఉంటుంది. జనరేటర్లు, సీరియల్ లైట్లు ఉండే మన జాతర వేదికల మీద హంబకర్ ఉన్న గిటారు కొంత నెమ్మది. ఇది నా అనుభవం.

డబ్బు తక్కువైతే పాత గిటారు కొనండి. నామోషీ ఏమీ లేదు. కానీ చూసి కొనాలి. ఎలా చూడాలో చెబుతాను, రాసుకోండి. మొదట తుపాకీ గురి చూసినట్టు మెడ వెంబడి కన్ను పెట్టి చూడండి. మెలి తిరిగి ఉంటే వదిలేయండి, మెలి తిరిగిన మెడ బాగుపడదు. కొంచెం వంపు అయితే పర్వాలేదు, ట్రస్ రాడ్‌తో సరిచేయొచ్చు. అయితే ఆ రాడ్ తిరుగుతోందో లేదో అడిగి చూపించుకోండి. తర్వాత ఆరు తీగల మీద ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటిగా నొక్కి మీటండి. ఎక్కడైనా స్వరం చచ్చిపోతే, జర్రుమంటే గుర్తుపెట్టుకోండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఖాళీ రెండు మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే చేతికి సుఖం. అదే పన్నెండో ఫ్రెట్ మీద తీగను వేలితో తాకీ తాకనట్టు పెట్టి మీటండి, తర్వాత నొక్కి మీటండి. రెండు స్వరాలూ ట్యూనర్‌లో ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను మెడకు దూరంగా జరపాలి, తగ్గుగా ఉంటే మెడ వైపు జరపాలి. ఆఖరికి కేబుల్ పెట్టి కదపండి, గుండీలు తిప్పండి. చిటపటమంటే భయపడొద్దు, జాకు మార్చడం, గుండీలు శుభ్రం చేయడం చిన్న ఖర్చు. ఆ పేరు చెప్పి ధర తగ్గించమనండి.

ఇప్పుడు నా వాయిద్యం సంగతి. మన పిల్లలందరూ గిటారు అడుగుతారు, బేస్ ఎవరూ అడగరు. ముందు నిలబడి లీడ్ వాయించేవాడే అందరికీ కనబడతాడు కదా! కానీ ఒక మాట చెబుతాను. ఇళయరాజా గారి పాటల్లోంచి బేస్ తీసేసి వినండి, సగం ప్రాణం పోతుంది. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఫెండర్ ప్రెసిషన్ బేస్‌తో, ఎప్పటివో పాత తీగలతో వాయించేవాడు. ఆ పాటలు తెలియనివాళ్లు లేరు, ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. బేస్ వాయించేవాడు డోలి వాయించేవాడి తమ్ముడు లాంటివాడు. ఇద్దరూ నేలను పట్టుకుని ఉంటారు, మిగతావాళ్లు వాళ్ల మీద నడుస్తారు.

బేస్ కొత్తది పదిహేను వేల నుంచి ఇరవై రెండు వేల మధ్య మంచిదే దొరుకుతుంది. నాలుగు తీగలది చాలు, అయిదు తీగలది తర్వాత చూసుకోవచ్చు. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. చేయి చిన్నగా ఉన్నవాళ్లకు 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ వస్తుంది. నాతో వాయించే ఒక చెల్లెలు దాని మీదే నేర్చుకుంది. "అన్నా, ముందే ఇది ఇచ్చి ఉంటే రెండేళ్లు ముందే వాయించేదాన్ని" అంటుంది. ఆడపిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ చేతులు చిన్నవి కావు, మీకు ఇచ్చిన వాయిద్యం పెద్దది.

ఆంప్లిఫయర్ దగ్గర మన పిల్లలు ఎక్కువగా మోసపోయేది వాట్ల లెక్కలో. ఇరవై వాట్ల ఆంప్ పది వాట్ల దానికంటే రెండింతలు మోగుతుందనుకుంటారు. మోగదు. రెండింతల వాట్లకు చెవికి తెలిసే తేడా కొంచెమే. చెవికి రెండింతలు వినబడాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అందుకని వాట్ల కోసం డబ్బు తగలేయకండి. ఇంట్లో సాధనకు పది వాట్లు ఎక్కువే. డోలితో కలిసి ఒక గదిలో వాయించడానికి గిటారుకు ఇరవై, ముప్పై వాట్లు సరిపోతాయి. మైదానంలో జనం ముందు ఎలాగూ మైకు పెట్టి పెద్ద సౌండ్ బాక్సులకు ఇస్తారు కాబట్టి అక్కడ మీ ఆంప్ సైజు లెక్కలోకే రాదు.

బేస్‌కు మాత్రం వేరే లెక్క. బేస్‌లో లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది, గిటారు లావు తీగ 82 సార్లు. ఆ లోతు స్వరాన్ని గాలిలోకి తొయ్యాలంటే పెద్ద స్పీకరు, ఎక్కువ వాట్లు కావాలి. డబ్బు మిగులుతుందని బేస్‌ను చిన్న గిటారు ఆంప్‌లో పెట్టి గట్టిగా వాయిస్తే స్పీకరు కోను చిరిగిపోతుంది. నేనే ఒకటి చింపాను, అదీ స్నేహితుడిది. గిటారును బేస్ ఆంప్‌లో పెడితే ఏమీ కాదు. ఒక్క ఆంప్ కొనగలిగే డబ్బే ఉంటే బేస్ ఆంప్ గానీ కీబోర్డు ఆంప్ గానీ కొనుక్కోండి, రెండూ నడుస్తాయి.

మా సౌండ్ ఆపరేటర్ తరచూ ఒక మాట అంటాడు: "చవక గిటారు వల్ల ప్రోగ్రాం ఆగిపోవడం నేను చూడలేదు, చవక కేబుల్ వల్ల ఆగిపోవడం వారానికోసారి చూస్తాను." కేబుల్ ఆరు మీటర్లకు మించొద్దు, పొడవు పెరిగేకొద్దీ గిటారు గొంతులో తేట తగ్గుతుంది. దూరం ఎక్కువైతే డీఐ బాక్సు వాడాలి. తీగలు వాయించాక పొడి గుడ్డతో తుడవండి, మన వానాకాలం తేమకు తీగలు తొందరగా తుప్పు పడతాయి. గిటారును గోడకు చారేసి పెట్టకండి, పొయ్యి దగ్గర, రేకుల కప్పు కింద ఎండ వేడిలో పెట్టకండి.

ఇప్పుడు చెప్పేది నవ్వులాట కాదు. అందరూ వినాలి.

ఎలక్ట్రిక్ గిటారు తీగలు ఇనుపవి, వాటికీ ఆంప్ లోపలి ఎర్త్‌కూ సంబంధం ఉంటుంది. ఆంప్‌లో లోపం ఉండి, ప్లగ్గుకు ఎర్త్ లేకపోతే ఆ తీగల్లోకి కరెంటు వస్తుంది. గాయకుడి మైకు ఒక లైను మీద, గిటారు ఇంకో లైను మీద ఉండి, వాటిలో ఒకదానికి ఎర్త్ లేకపోతే, తీగ పట్టుకుని మైకును ముట్టుకున్నవాడి ఒంట్లోంచి కరెంటు పోవచ్చు. 1972లో బ్రిటన్‌లో లెస్ హార్వే అనే గిటారిస్టు వేదిక మీదే, అందరూ చూస్తుండగానే, ఎర్త్ లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. మన ఊళ్లల్లో ఏం జరుగుతుంది? స్తంభం మీది నుంచి కొక్కెం వేసి లైను లాగుతారు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో దూరుస్తారు. కింద తడి నేల, ఒట్టి కాళ్లు. నాకు ఒక పెళ్లిలో పెదవికి మైకు తగిలి షాకు కొట్టింది. వెనక్కి పడ్డాను, తల పగల్లేదు, బతికాను. ఆ రోజు గజ్జెలు కట్టుకున్న పిల్లలు మైకుకు రెండడుగుల దూరంలో ఆడుతున్నారు. వాళ్లలో ఒకరు ముట్టుకుని ఉంటే? ఆ ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకని ఎర్త్ పిన్ను ఎప్పుడూ విరగ్గొట్టొద్దు. వేదిక మీది వాయిద్యాలన్నీ ఒకే బోర్డు నుంచి, ఒకే ఎర్త్ మీద పెట్టండి. ఎర్త్ లేని చోట ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ రాడ్ దింపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు ఒకటి చేయించి ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోండి. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి. తీగ ముట్టుకుంటే జివ్వుమన్నా, మైకు చురుక్కుమన్నా "కొంచెమే కదా" అనుకోకండి. వాయించడం ఆపేయండి. ఎవరు అరిచినా సరే, ఎంత డబ్బు ఇస్తామన్నా సరే.

చివరిగా నా రెండో తప్పు చెప్పి ముగిస్తాను. ఇది మొదటిదానికంటే పెద్దది.

వాయించడం వచ్చిన కొత్తలో మా దగ్గరి చుట్టాల పెళ్లికి నా బేస్, ఆంప్ తీసుకుని పోయాను. మా వరసకు తాత అయ్యే ఆయన అక్కడ డోలి వాయిస్తున్నాడు. నేను ఆయనతో కలిసి వాయిద్దామనుకున్నాను. నా ఆంప్ గుండీ సగం తిప్పాను. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఇంకొంచెం తిప్పాను. రెండు పాటలు అయ్యాక చూస్తే తాత డోలి దించి గోడ పక్కన పెట్టి కూర్చున్నాడు. నేను పోయి "ఏం తాతా, అలసిపోయావా?" అన్నాను. "అలుపు కాదురా. నా డోలి నాకే వినబడట్లేదు. వినబడని డోలి ఎందుకు కొట్టాలి?" అన్నాడు. కోపంగా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ రాత్రి నాకు అర్థమైంది. డీజే బాక్సులు మన డోళ్లను మూల పెట్టాయని మనం బాధపడతాం. ఆ రాత్రి ఆ పని చేసింది డీజే కాదు, నేను. మన పిల్లవాడే, మన చుట్టమే.

తర్వాత నేను నా పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు మేము ఎక్కడ వాయించినా మొదటి మైకు డోలికి పెడతాం. రెండో మైకు పాడే అక్కలకు. ఆ రెండూ సరిగ్గా వినబడ్డాకే బేస్ గుండీ తిప్పుతాం, అది కూడా డోలి మోతను మింగని మేరకే. డోలి లోతు, బేస్ లోతు ఒకే చోట కొట్టుకుంటాయి కాబట్టి డోలి దెబ్బ పడే చోట నేను ఖాళీ వదులుతాను, డోలి వదిలిన చోట నేను పలుకుతాను. శ్రుతి కూడా అంతే. అక్కలు ఏ శ్రుతిలో పాట ఎత్తుకుంటే గిటారు ఆ శ్రుతికి రావాలి. గిటారు సులువు కోసం పాటను పైకో కిందికో లాగకూడదు. మేజర్, మైనర్ కార్డులు అన్ని పాటలకూ అతకవు. కొన్ని మన పాటలకు ఒకే తీగను మీటుతూ ఆధారంగా నిలబడితే చాలు, అదే అందం.

మణిపూర్‌లో తాంగ్‌ఖుల్ నాగా జాతికి చెందిన రూబెన్ మషంగ్వా గారు ఉన్నారు. గిటారు పట్టుకుని బ్లూస్ పాడతారు, కానీ తమ జాతి వాయిద్యాలను పక్కన పెట్టలేదు. వాటిని బాగుచేసి, వెంట పెట్టుకుని వేదిక ఎక్కుతారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది మన గుస్సాడీ కనకరాజు గారికి, మరుసటి ఏడాది 2022లో మన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. కనకరాజు గారూ, రామచంద్రయ్య గారూ ఇద్దరూ 2024లో మనల్ని విడిచి వెళ్లిపోయారు. డోలి వాయిస్తూ మన వీరుల కథలు, సమ్మక్క సారలమ్మల కథలు పాడిన గొంతు అది. పురస్కారం వచ్చిందని మనం చప్పట్లు కొట్టాం. ఆ కథలు నోటికి నేర్చుకున్న పిల్లలు మనలో ఎంతమంది? చేతులు ఎత్తమని అడగను. నేను కూడా ఎత్తలేను.

అందుకని సంఘం పెద్దలకు నా విన్నపం. యువత సంగీత బృందం కోసం లక్ష రూపాయలు వసూలైందని విన్నాను. పిల్లలు రాసిచ్చిన జాబితాలో ఒక్క గిటారే ఎనభై వేలది ఉంది. నా లెక్క వేరే. గిటారుకు పదహారు వేలు. బేస్‌కు పద్దెనిమిది వేలు. బేస్ ఆంప్‌కు పద్దెనిమిది వేలు, గిటారు ఆంప్‌కు పన్నెండు వేలు. డోలికీ పాటకూ రెండు మైకులు, స్టాండ్లు ఎనిమిది వేలు. కేబుళ్లు, తీగలు, ట్యూనర్, సవరింపు ఆరు వేలు. ఎర్త్, ఆర్‌సీసీబీ బోర్డు నాలుగు వేలు. ఇవన్నీ కలిపితే ఎనభై రెండు వేలు. మిగిలిన పద్దెనిమిది వేలు డోళ్లకు తోలు మార్పించడానికి, పిల్లలకు నేర్పే పెద్దకు నెలనెలా ఇంత అని చేతిలో పెట్టడానికి. ఈ ఆఖరి పద్దెనిమిది వేలు ఎవరూ తగ్గించొద్దు. కావాలంటే నా బేస్‌లోంచి తగ్గించండి, పాతది కొందాం.

తునికాకు డబ్బు తెచ్చిన తమ్ముడి సంగతి చెప్పలేదు కదా! అప్పు వద్దన్నాను. ఇద్దరం కలిసి పోయి ఏడు వేలకు ఒక పాత గిటారు చూశాం. మెడ సరిగ్గా ఉంది, జాకు ఒకటి మార్పించాం, తీగలు వేశాం. ఆంప్ కొనలేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేసుకునే చిన్న పరికరం ఒకటి నాది ఇచ్చాను. మిగిలిన డబ్బు వాళ్లమ్మ చేతికి తిరిగి పోయింది. వాడు ఇప్పుడు మీ మధ్యలోనే కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కలు రేలా పాడతారు, వాడు వాయిస్తాడు. డోలి ముందు మోగుతుంది, గిటారు తర్వాత వస్తుంది. మీరే విని చెప్పండి.

 గిటార్లు మంచం కింద పడి ఉన్నవాళ్లు సాయంత్రం నా దగ్గరికి తీసుకురండి. ఎలెన్ కీలు తెచ్చాను.

జోహార్.